రైఫిల్ బ్యారెల్‌కి సెరాకోట్ పూత: 25 మైక్రాన్లు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

మీరు రెండు తుపాకుల గురించి అడిగారు. ఒకటి హ్యూస్టన్‌లో మీ దగ్గరున్న బోల్ట్ యాక్షన్ రైఫిల్. బ్యారెల్ క్రోమ్‌మాలీ స్టీలు, కంపెనీ చేసిచ్చిన బ్లూయింగ్ (స్టీలు మీద తుప్పుని ఆపే నీలినలుపు పొర), గల్ఫ్ తీరపు తేమకి దాని మీద మచ్చలు మచ్చలుగా తుప్పు. దానికి గ్యారేజీలోనే సెరాకోట్ హెచ్ సిరీస్ వేద్దామనుకుంటున్నారు. రెండోది కోనసీమలో మీ నాన్నగారి లైసెన్సు మీద ఉన్న పాత 12 బోర్ డబుల్ బ్యారెల్. దానికీ ఇదే పూత వెయ్యొచ్చా అని అడిగారు. మొదటిదానికి నిరభ్యంతరంగా వెయ్యండి. రెండోదాని జోలికి ఈ డబ్బాతో వెళ్లకండి. కారణం చివర్లో చెప్తాను.

హెచ్ సిరీస్ అంటే సెరామిక్ కణాలు కలిసిన పాలిమర్ పూత. క్యాటలిస్టు కలిపి, స్ప్రే చేసి, ఒవెన్‌లో కాలిస్తేనే గట్టిపడుతుంది. ఆరాక మందం సుమారు 25 మైక్రాన్లు, అంటే అంగుళంలో వెయ్యోవంతు. అందరి భయమూ స్ప్రే చెయ్యడం గురించే, కానీ అది పావుగంట పని. పూత నిలుస్తుందా ఊడుతుందా అన్నది అంతకుముందే తేలిపోతుంది: లోహంలో నూనె మిగిలిందా, ఉపరితలం సరిగ్గా గరుకైందా, పూత పడకూడని చోట్లు మూశారా.

ముందు మందం లెక్క చూసుకోండి, ఎందుకంటే ఎక్కువ రైఫిళ్లు పాడయ్యేది ఇక్కడే. 25 మైక్రాన్లు చాలా పలచన అనిపిస్తుంది. కానీ ఒక పిన్నుకి చుట్టూ పూత పడితే దాని వ్యాసం 50 మైక్రాన్లు పెరుగుతుంది. అది దూరే రంధ్రానికీ పూత పడితే ఆ రంధ్రం 50 తగ్గుతుంది. రెండూ కలిస్తే 0.1 మిల్లీమీటరు, అంటే అంగుళంలో నాలుగు వేలవంతులు. చేత్తో నొక్కితే దిగే పిన్ను ఇక సుత్తి దెబ్బకి కూడా దిగదు. స్క్రూ మరల సంగతి ఇంకా మొండిది. 60 డిగ్రీల మర మీద పూత పడితే పిచ్ వ్యాసం (మర గాడి సగం లోతు దగ్గర కొలిచే వ్యాసం) పూత మందానికి నాలుగు రెట్లు పెరుగుతుంది, అంటే ఒక్క పక్క పూతకే 0.1 మిల్లీమీటరు. స్కోప్ బేస్ బిగించే 6-48 స్క్రూ రంధ్రాల్లోకి పూత వెళ్తే స్క్రూ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బలవంతం చేస్తే తల తెగుతుంది.

అందుకని పూత అస్సలు పడకూడని చోట్లు చెప్తాను. బ్యారెల్ లోపలి రంధ్రం, చాంబర్ (తూటా కూర్చునే గది), మూతి అంచు అంటే క్రౌన్, మూతి మరలు, బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ని బిగించి పట్టే పళ్లు), అవి రిసీవర్‌లో, అంటే బోల్ట్ కదిలే లోహపు గూడులో ఆనే గాడులు, బోల్ట్ ముఖం, ఫైరింగ్ పిన్, స్ప్రింగులు. ట్రిగ్గర్ గుత్తిని మొత్తంగా ఊడదీసి పక్కన పెట్టండి. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా ఫైరింగ్ పిన్‌ని ఆపి ఉంచే కొక్కెం) అంచు మీద పూత పడితే పట్టు మారుతుంది. ఆ పూత అరిగేకొద్దీ మళ్లీ మారుతుంది. సేఫ్టీ వేసి ఉన్నా తుపాకి పేలే పరిస్థితి వస్తుంది. లగ్గుల మీద పూత పడితే హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం) తగ్గి బోల్ట్ బిగుసుకుంటుంది. ఆ తర్వాత పూత ఎగుడుదిగుడుగా అరిగి, ఒక లగ్గే భారమంతా మొయ్యాల్సి వస్తుంది. చాంబర్ గోడకి పూత పడితే తూటా తొడుగు ఇరుక్కుంటుంది. వీటిలో దేనికీ తుప్పు రక్షణ అక్కర్లేదని కాదు, వీటికి రక్షణ నూనెతోనే.

ఇక పని వరసలో చెప్తాను. తుపాకి ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని పూర్తిగా విప్పండి. బ్యారెల్‌ని రిసీవర్ నుంచి విప్పక్కర్లేదు. అలాగే ఉంచి చెయ్యొచ్చు. కాకపోతే ఆ రెండింటి మధ్య అతుకే నూనెకి పెద్ద దాపుచోటు అని గుర్తుంచుకోండి. విప్పిన భాగాల్ని అసిటోన్‌లో కనీసం అరగంట నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో మూలలన్నీ తోమండి. బ్రేక్ క్లీనర్‌లో క్లోరిన్ ఉన్న రకం వాడొద్దు, వేడి తగిలితే దాని నుంచి విషవాయువులు వస్తాయి. అసిటోన్ ఆవిరి సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో కూడా అంటుకుంటుంది. అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది, దాని అడుగున పైలట్ మంట వెలుగుతూ ఉండొచ్చు. ఆ మంట ఆర్పకుండా, తలుపు తెరవకుండా అసిటోన్ డబ్బా మూత తియ్యకండి. ఈ ఒక్క జాగ్రత్త పాటించకపోతే మిగతా సలహాలన్నీ వృథా.

ఇక్కణ్నుంచి భాగాల్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, పౌడరు లేని నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. అసిటోన్ పూర్తిగా ఆరాక భాగాల్ని 150 డిగ్రీల సెంటీగ్రేడ్, అంటే 300 ఫారన్‌హీట్ దగ్గర ఒక గంట ఒవెన్‌లో ఉంచండి. ఇది పూత కాల్చడానికి కాదు, దాగిన నూనెని బయటికి రప్పించడానికి. గంటయ్యాక తీసి చూస్తే బ్యారెల్ అతుకు చుట్టూ, సైట్ కింద, స్క్రూ రంధ్రాల అంచున తడి మచ్చలో గోధుమరంగు చారికలో కనిపిస్తే మళ్లీ అసిటోన్‌లో వేసి, మళ్లీ కాల్చండి. మచ్చ రాని దాకా ఇంతే. చాలామంది ఈ దశ ఎగ్గొడతారు. ఆ నూనె ఎక్కడికీ పోదు. చివర్లో పూత కాల్చేటప్పుడు అదే వేడికి బయటికొచ్చి, పూత కింద చేరి, బొబ్బ లేపుతుంది.

ఈ వేడికి బ్యారెల్ స్టీలు మెత్తబడుతుందేమోనన్న భయం వద్దు. 4140 లాంటి బ్యారెల్ స్టీలుని టెంపర్ చేసేది 500 డిగ్రీలు దాటిన వేడిలో. 150 దానికి లెక్కలోది కాదు. అల్యూమినియం భాగాలుంటే మాత్రం వేరు. 7075-టి6 మిశ్రమానికి గట్టిదనం వచ్చేదే 120 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచడం వల్ల. దాన్ని 150లో పదేపదే కాలిస్తే బలం తగ్గుతూ వస్తుంది. అల్యూమినియం భాగాల్ని 121 దాటనివ్వకండి. ఒవెన్ కరెంటుదై ఉండాలి. అందులో మళ్లీ ఎప్పుడూ తిండి వండకూడదు.

తర్వాత మూతలు. బ్యారెల్ రెండు కొసలకీ వేడి తట్టుకునే సిలికాన్ ప్లగ్గులు, స్క్రూ రంధ్రాలకి చిన్న ప్లగ్గులు, మూతి మరలకీ రిసీవర్ లోపలి దారులకీ వేడి తట్టుకునే టేపు. ప్లగ్గు క్రౌన్ అంచుని పూర్తిగా కప్పేలా ఉండాలి. తర్వాతి పని బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడిని లోహం మీద కొట్టడం. ఆ పొడి క్రౌన్‌ని ఒక్క క్షణం తాకినా గురి పోతుంది, దాన్ని తిరిగి లేతు మీద కోయించుకోవాల్సిందే.

బ్లాస్టింగ్‌కి 100 గ్రిట్ అల్యూమినియం ఆక్సైడ్ గానీ గార్నెట్ గానీ వాడండి. స్టీలుకి గాలి ఒత్తిడి 80 నుంచి 100 పీఎస్‌ఐ. పాత బ్లూయింగ్, పైపై తుప్పు దీనితోనే పోతాయి, వెనిగర్‌లో నానబెట్టక్కర్లేదు. గ్లాస్ బీడ్స్ మాత్రం వద్దు. అవి ఉపరితలాన్ని గుండ్రంగా కొట్టి నున్నగా చేస్తాయి. పూతకి పట్టు దొరికేది పదునైన చిన్నచిన్న గాట్లలో. వేరే పనులకి వాడిన పాత పొడి కూడా వద్దు. నూనె అంటిన భాగాన్ని ఒక్కసారి కొట్టినా ఆ పొడంతా జిడ్డు పడుతుంది, మీరు గంటలు పెట్టి తీసిన నూనెని అది తిరిగి లోహంలోకి గుచ్చుతుంది. పని అయ్యాక రంగు అంతటా ఒకేలా బూడిదరంగులో, మెరుపు లేకుండా ఉండాలి. ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ ఇంకా కొట్టాలి.

మీ బ్యారెల్ మీద తుప్పు మచ్చలున్నాయన్నారు కాబట్టి ఒక మాట. 25 మైక్రాన్ల పూత గుంటల్ని నింపదు, వాటి ఆకారాన్ని అలాగే చూపిస్తుంది. గుంట అడుగున ఎర్రటి తుప్పు చుక్క మిగిలితే పూత కింద అది పెరుగుతూనే ఉంటుంది. భూతద్దంతో చూసి, లోతు గుంటల్ని ముందే 220, ఆపైన 320 ఎమరీతో బ్యారెల్ పొడవునా రుద్ది, ఆ తర్వాతే బ్లాస్ట్ చెయ్యండి. సీరియల్ నంబర్ మీద టేపు వేసి ఉంచండి, లేదా అతి తేలికగా కొట్టండి. లేజర్‌తో చెక్కిన నంబర్లు లోతు తక్కువ, అరిగిపోతాయి. నంబర్ మీద పూత పడొచ్చు గానీ అది స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. చెరిగితే అమెరికాలో ఫెడరల్ నేరం. మీ సొంత రైఫిల్‌కి మీరే పూత వేసుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. స్నేహితుల తుపాకులకి డబ్బు తీసుకుని చెయ్యడం వ్యాపారంగా మొదలుపెడితే కావాలి.

బ్లాస్ట్ చేసిన స్టీలు పచ్చి పుండు లాంటిది. హ్యూస్టన్ తేమలో అది చూస్తుండగానే నారింజరంగు తిరుగుతుంది. కాబట్టి పొడి గాలితో దులిపేసి, రెండు గంటల్లోపు స్ప్రే మొదలుపెట్టేలా ముందే అన్నీ సిద్ధం చేసుకోండి. కంప్రెసర్ గొట్టంలో నీటిని పట్టే ఫిల్టరు, దాని తర్వాత డెసికెంట్ డ్రయ్యరు (గాలిలో తేమని పీల్చే గుళికల డబ్బా) తప్పనిసరి. ఆ తేమ ప్రాంతంలో ఫిల్టరు ఒక్కటే చాలదు. గొట్టం కొసని అద్దం ముక్క మీదికి ఒక నిమిషం ఊది చూడండి. చుక్క గానీ జిడ్డు మసక గానీ కనబడకూడదు.

హెచ్ సిరీస్‌లో మామూలు పాళ్లు 18 వంతుల పూతకి 1 వంతు క్యాటలిస్టు, ఘనపరిమాణంలో. ఒక రైఫిల్ బ్యారెల్, రిసీవర్, బోల్ట్ పిడి, చిన్న సామాన్లకి 54 మి.లీ. పూతలో 3 మి.లీ. క్యాటలిస్టు బోలెడు. కలిపే ముందు సీసాని బాగా గిలకొట్టండి, అడుగున సెరామిక్ ముద్ద మిగలకూడదు. అది కలవకపోతే మీరు కొట్టేది వట్టి రంగే. క్యాటలిస్టుని సిరంజితో కొలవండి, కంటి అంచనా వద్దు. పాళ్లు మారితే మెరుపు మారుతుంది: క్యాటలిస్టు పెరిగితే మెరుపు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అందుకే రైఫిల్ మొత్తానికి ఒకేసారి కలపాలి. రెండుసార్లు కలిపితే బ్యారెల్ ఒక తీరుగా, రిసీవర్ ఒక తీరుగా కనిపిస్తాయి. కలిపాక సన్న జల్లెడలో వడగట్టి రెండు గంటల్లోపు వాడెయ్యండి. మొహానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ ఉండాలి. బట్ట మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు.

స్ప్రే గన్ హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి) రకం, నాజిల్ 0.8 మిల్లీమీటర్లు, గాలి 20 నుంచి 25 పీఎస్‌ఐ, దూరం ఒక జానెడులో సగం. ముందు మూలలు, అంచుల కింద, రిసీవర్ కిటికీ పక్కలు తేలికగా కొట్టి, ఆ తర్వాత చదునైన చోట్లకి, బ్యారెల్ పొడవుకి రండి. బ్యారెల్‌ని తిప్పుకుంటూ సగానికి సగం కలిసేలా వరసలు వెయ్యండి. పడిన పూత ఒక్క క్షణం తడిగా మెరవాలి, కారకూడదు. గన్ను దూరం పెడితే చుక్కలు గాల్లోనే ఆరి గరుకు కాగితంలా పడతాయి. అది పట్టుకోదు, తేమని పీలుస్తుంది. దగ్గర పెడితే కారుతుంది. కారితే వేలితో తుడవకండి. కాల్చకముందు ఈ పూత అసిటోన్‌తో మొత్తం కడుక్కుపోతుంది. కడిగేసి, ఆరబెట్టి, మళ్లీ మొదలుపెట్టండి. కాల్చాక అయితే తిరిగి బ్లాస్ట్ చెయ్యడమే గతి.

పూత పడుతుండగానే చిన్న గుండ్రటి గుంటలుగా విడిపోతుంటే సిలికాన్ జిడ్డు ఉందని అర్థం. కారు టైర్లకి మెరుపు కోసం కొట్టే స్ప్రే అదే గ్యారేజీలో గత వారం వాడినా చాలు. తాళాలకి కొట్టే సిలికాన్ స్ప్రే కూడా అంతే. ఈ డబ్బాలు ఆ గదిలో ఉండకూడదు.

మందం కొలవడానికి రెండు దారులు. బ్లాస్ట్ అయ్యాక బ్యారెల్ మీద మూడు చోట్ల మైక్రోమీటర్‌తో వ్యాసం రాసుకుని, కాల్చాక అవే చోట్ల కొలిచి, తేడాని రెండుతో భాగించండి. లేదా అయస్కాంతంతో పనిచేసే గేజ్ వాడండి, కాకపోతే దాని సున్నాని నున్నటి పలక మీద కాకుండా బ్లాస్ట్ చేసిన స్టీలు మీదే సరిచెయ్యాలి. రైఫిల్‌తో పాటే ఒక చిన్న స్టీలు పలకని కూడా అదే తీరులో కడిగి, బ్లాస్ట్ చేసి, పూత వేసి, కాల్చండి. గీతలు గీసి టేపు అంటించి పీకే పరీక్ష దాని మీద చేసుకోవచ్చు. రైఫిల్ మీద గీతలు గీయక్కర్లేదు.

పూత వేశాక పదిహేను నిమిషాలు గాలికి వేలాడదీసి, 121 డిగ్రీల సెంటీగ్రేడ్ అంటే 250 ఫారన్‌హీట్ దగ్గర 2 గంటలు కాల్చండి. ఇక్కడ జరిగే తప్పు: ఒవెన్ గాలి 121కి చేరగానే గడియారం మొదలుపెట్టడం. దళసరి రిసీవర్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. థర్మోకపుల్ (వేడిని కొలిచే) తీగని లోహానికి ఆనించి, లోహం 121 చూపించాకే 2 గంటలు లెక్కపెట్టండి. ఇంకో సంగతి, రెండు కొసలా ప్లగ్గులు గట్టిగా బిగించి ఉంటే లోపల గాలి పీడనం 25 డిగ్రీల నుంచి 121కి వెళ్లేసరికి దాదాపు మూడోవంతు పెరుగుతుంది. ప్లగ్గు ఎగిరి పచ్చి పూత మీద పడుతుంది. చాంబర్ వైపు ప్లగ్గుకి మధ్యలో సన్నటి రంధ్రం ఉన్నది వాడండి.

చల్లారాక స్టాకు కింద దాగే ఒక చోట అసిటోన్ అద్దిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే కాలడం చాలలేదు, ఒవెన్‌లోకి తిరిగి పంపండి. స్టాకు గాడిలో ఉండే బ్యారెల్ అడుగు భాగానికి పూత వెయ్యడం మర్చిపోకండి. చెక్క చెమ్మ పీల్చి అక్కడే పట్టి ఉంచుతుంది, తుప్పు ఎక్కువగా మొదలయ్యేదీ అక్కడే. ఎపాక్సీ బెడ్డింగ్ (రిసీవర్ కదలకుండా స్టాకులో పోసిన జిగురు అచ్చు) బిగువుగా ఉన్న స్టాకైతే ఈ 25 మైక్రాన్లకే రిసీవర్ పూర్తిగా కూర్చోకపోవచ్చు. స్క్రూలు బిగించే ముందు ఒకసారి చేత్తో నొక్కి చూసుకోండి.

వేటలో నాలుగైదు గుళ్లు పేల్చే బ్యారెల్‌కి హెచ్ సిరీస్ సరిపోతుంది. మూతి బ్రేకు (వెనక్కి తన్నే దెబ్బని తగ్గించడానికి మూతికి బిగించే భాగం), లేదా ఆగకుండా కాల్చి బాగా వేడెక్కే బ్యారెల్ అయితే సి సిరీస్ తీసుకోండి. అది 982 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఒవెన్ అక్కర్లేదు, గాలికే ఆరుతుంది. అయితే పూర్తిగా గట్టిపడడానికి 5 రోజులు. ఆలోపు ద్రావకం తగిలినా, గోరు తగిలినా పోతుంది.

ఇప్పుడు కోనసీమ తుపాకి. పాత డబుల్ బ్యారెల్‌లో రెండు గొట్టాల్నీ, మధ్యలో పొడవునా ఉండే రిబ్బు పట్టీనీ సాధారణంగా తగరం, సీసం కలిసిన మెత్తటి టంకంతో అతుకుతారు. దానికి బ్లాస్టింగ్ చేస్తే చెక్కడపు పని, ప్రూఫ్ ముద్రలు (బ్యారెల్ బలాన్ని పరీక్షించి వేసిన గుర్తులు) మసకబారతాయి. తుపాకి విలువలో సగం పోయేది అక్కడే. అంతకంటే పెద్ద ప్రమాదం, ఎవరో మంచి మాటగా చెప్పే హాట్ బ్లూయింగ్. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిసిన ఉప్పు ద్రావణాన్ని 135 నుంచి 145 డిగ్రీల దాకా మరగబెట్టి, తుపాకిని అందులో ముంచుతారు. ఆ వేడికి టంకం కరగదు. కానీ కాస్టిక్ తగరాన్నీ సీసాన్నీ తినేస్తుంది. రిబ్బు ఊడుతుంది. ఊడకపోయినా దాని కింద ఉప్పు చిక్కుకుని నెలల తరబడి చెమర్చి, లోపల్నుంచే తుప్పు పట్టిస్తుంది.

దానికి తగింది రస్ట్ బ్లూయింగ్. నునుపు చేసి జిడ్డు తీసిన గొట్టాలకి ఆమ్ల ద్రావణం పల్చగా ఒక్క చేతివాటుగా రాసి, తేమ పెట్టెలో ఎర్రటి సన్న తుప్పు పట్టనిస్తారు. తర్వాత డిస్టిల్డ్ నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు మరిగిస్తే ఆ ఎర్ర తుప్పు మాగ్నటైటు అనే నల్లటి ఇనుప ఆక్సైడ్‌గా మారుతుంది. వదులు నలుపుని జిడ్డు తీసిన సన్న స్టీలు ఊలుతో తుడిచి, మళ్లీ రాస్తారు. ఇలా ఐదు నుంచి పది విడతలు. నీటి వేడి 100 దాటదు, కాస్టిక్ లేదు, కాబట్టి టంకానికి ముప్పు లేదు. పొర అతి పలచన కాబట్టి భాగాల కొలతలు మారవు. కుళాయి నీళ్లు వాడితే అందులోని ఉప్పులు తెల్లటి చారలుగా మిగిలిపోతాయి. స్టీలు ఊలు కంపెనీ నుంచి నూనెతోనే వస్తుంది. అసిటోన్‌లో కడగకుండా వాడితే ఆ చోట తర్వాతి విడత పట్టదు.

కాకపోతే ఈ పని మీ ఇంట్లో చెయ్యకూడదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకి రిపేరుకి కూడా లైసెన్సు ఉండాలి, సెక్షన్ 8 ప్రకారం గుర్తింపు ముద్రల్ని చెరపకూడదు. మీ నాన్నగారు లైసెన్సు పుస్తకంతో వెళ్లి, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోనే అప్పగించి, రసీదు తీసుకోవాలి. ఇచ్చేటప్పుడు రెండు మాటలు రాయించుకోమనండి: రస్ట్ బ్లూయింగ్ మాత్రమే చెయ్యాలి, ముద్రల మీద బఫింగ్ చక్రం పెట్టకూడదు. తిరిగి తెచ్చుకున్నాక పల్చగా నూనె రాసి, గుడ్డ సంచిలో చుట్టకుండా గాలి తగిలే బీరువాలో నిలబెట్టమనండి. తోలు ఒరలో మాత్రం ఉంచొద్దు, తోలు పదును చేసేటప్పుడు వాడిన ఉప్పులు, ఆమ్లాలు అందులో ఉండిపోయి చెమ్మని పట్టి ఉంచుతాయి.